పదిహేడో మంచం రక్తం

ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది. ఆసుపత్రిలో మిగతా అన్ని చోట్లా ఆమె సూదక్కే. రోగులు అలాగే పిలిచేవారు, నర్సులు అలాగే పిలిచేవారు, ఇంట్లో మొగుడికి కోపమొస్తే అతనూ అదే మాట అనేవాడు. పొద్దున్నే ట్రే పట్టుకుని ఎముకల వార్డులో మంచం మంచానికీ తిరిగి రక్తం తీయడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. చంటిపిల్లల చేతిలోనైనా ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంటుందని ఆమెకు పేరు. పైకి చెప్పదు గానీ ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే.

ఆ గర్వమంతా పదిహేడో మంచం దగ్గర మట్టి కొట్టుకుపోయింది.

పదిహేడో మంచం మీద బట్టలు కుట్టే ముసలామె ఉండేది. వార్డంతా ఆమెను టైలరమ్మ అనేవారు. మెట్టు మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని వచ్చింది. ముప్పై ఎనిమిది కిలోల మనిషి. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేస్తే మళ్ళీ లేచి నడుస్తుంది, మళ్ళీ మిషను తొక్కుతుంది. చేయకపోతే ఇంతే సంగతులు, మంచానికి అతుక్కుపోతుంది. అప్పటికే నడుము కింద చర్మం ఎర్రగా కమిలి, ఇవాళో రేపో పుండు పడేలా ఉంది. ఆపరేషన్‌కు రెండుసార్లు తారీఖు ఇచ్చారు, రెండుసార్లూ వాయిదా వేశారు. మూడోది రేపు.

"వచ్చావా తల్లీ!" అంది టైలరమ్మ, సూదక్క తెర పక్కకు లాగగానే. "నా కన్నకూతురు నెలకోసారి ఫోన్ చేస్తుంది. నువ్వే నయం. నేను మొహం కడగకముందే వస్తావు."

"ఏం చేయను పెద్దమ్మా, నీ మీద ప్రేమ అలాంటిది. చెయ్యి ఇటివ్వు."

"ఏ చెయ్యి ఇమ్మంటావు? నల్లదా, నీలందా?"

తల దగ్గర కూర్చున్న కోడలు కిసుక్కున నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసింది. నిజంగానే ఒక చెయ్యి మోచేతి మడత దగ్గర నల్లగా కమిలిపోయి ఉంది. రెండోది అప్పుడప్పుడే నీలం తిరుగుతోంది. సూదక్క రెండూ తడిమి చూసింది. ఒక్క నరమూ వేలికి తగల్లేదు. మొదటి పోటు వృథా. రెండోదీ వృథా. మూడోసారి అరచేతి వెనక సన్నటి నరంలో గుచ్చితే రక్తం చుక్కలు చుక్కలుగా వచ్చింది.

"కుట్టు విప్పి, మళ్ళీ అక్కడే కుట్టి, మళ్ళీ విప్పుతుంటే ఎంత మంచి గుడ్డయినా చీలికలైపోతుంది తల్లీ," అంది టైలరమ్మ, పళ్ళ బిగువున.

"అయిపోయింది పెద్దమ్మా, ఒక్క నిమిషం."

స్లిప్పు మీద రాసినవి నాలుగు ట్యూబులు. ఊదా మూతది, ఎర్ర మూతది, పసుపు మూతది, నీలం మూతది. నాలుగూ నిండాక సూదక్క అయిదోది పెట్టింది. అది స్లిప్పులో లేదు. ఏ స్లిప్పులోనూ ఉండదు. రక్తం గడ్డకట్టిందని ల్యాబు వాళ్ళు మళ్ళీ పంపమన్నా, మధ్యాహ్నం ఏ డాక్టరుకో ఇంకో పరీక్ష గుర్తొచ్చినా మూడంతస్తులు ఎక్కి రావాలి కదా. అందుకని ముందే ఒకటి ఎక్కువ తీసి ఉంచుకోవడం రక్తం తీసేవాళ్ళందరికీ అలవాటు. సూదక్కకు పని నేర్పినామె మొదటి రోజే ఆ కిటుకు కూడా నేర్పింది. వాడుకోని ట్యూబులన్నిటినీ సాయంత్రం సంచిలో మూటగట్టి పారేసేవారు. అది తప్పని ఎవరికీ తోచలేదు. సూదక్కకూ తోచలేదు.

తొమ్మిదింటికి పెద్ద డాక్టరు వచ్చాడు. ఆయన వెనకే నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డ చిన్న డాక్టరు, ఆయన వెనక ఫైళ్ళు పట్టుకుని హెడ్ సిస్టరు. పెద్ద డాక్టరు మంచానికి అర నిమిషం కేటాయిస్తాడని వార్డులో అనుకునేవారు. పదిహేడో మంచానికి ఆ రోజు నిమిషం దాకా పట్టింది.

"ఇవాళ హిమోగ్లోబిన్ ఎంత?"

"ఎనిమిదిన్నర సార్. వచ్చిన రోజు పదకొండు," అన్నాడు చిన్న డాక్టరు.

"మత్తు డాక్టరు పది లేనిదే ముట్టుకోడు. రేపటిది వాయిదా వేసెయ్యండి. ఒక సంచి రక్తం ఎక్కించండి. ఎందుకు తగ్గుతోందో కనుక్కోండి, కావలసిన పరీక్షలన్నీ రాయండి."

అంతే, పక్క మంచానికి వెళ్ళిపోయాడు. కోడలు లేచి ఆయన వెనకాల నాలుగడుగులు నడిచింది. "సార్, మరి ఆపరేషన్ ఎప్పుడు సార్?"

"రక్తం పెరిగాక."

రెండు మంచాల అవతల మరొకరి చేతికి దూది అంటిస్తున్న సూదక్కకు ఇదంతా వినబడింది. రక్తం ఎందుకు తగ్గుతోందో కనుక్కోవడానికి ఇంకా రక్తం తీయాలట! ఆమెకు చేదు నవ్వొచ్చింది.

రక్తం ఎక్కించాలంటే ఎవరో ఒకరు ఇవ్వాలి. కొడుకు లారీ మీద వెళ్ళాడు, వారం దాకా రాడు. "నేను లేనా?" అంది కోడలు. మధ్యాహ్నం సూదక్క కింది అంతస్తుకు వెళ్తూ ఆమెను చూసింది. చెయ్యి మడిచి బెంచీ మీద కూర్చుని ఉంది, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రక్తం ఇచ్చినవాళ్ళకు ఇచ్చే బిస్కెట్ల పొట్లం ఆమె చేతిలో ఉంది. విప్పబోయి, ఏమనుకుందో, విప్పకుండా పిల్లల కోసం సంచిలో దాచుకుంది.

సాయంత్రానికి ఆ రక్తం చుక్క చుక్కగా టైలరమ్మ ఒంట్లోకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున సూదక్క చేతికొచ్చిన స్లిప్పు జానెడు పొడుగుంది. పాత నాలుగూ అలాగే ఉన్నాయి. వాటి కింద కొత్తవి అయిదు. తొమ్మిది ట్యూబులు ట్రేలో పేర్చుకుంటే చెయ్యి దానంతటదే పదోది కూడా తీసి పక్కన పెట్టింది.

టైలరమ్మ ఆ రోజు హాస్యాలేం ఆడలేదు. కళ్ళు మూసుకునే చెయ్యి చాపింది. సూదక్క రబ్బరు పట్టీ బిగించి నరం కోసం వెతుకుతుంటే కోడలు నెమ్మదిగా అడిగింది.

"అక్కా, నిన్న నేనిచ్చిందేనా ఇప్పుడు మీరు తీసేది?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆ అమ్మాయికి నిజంగానే తెలియక అడిగింది. తెలియక అడిగింది కాబట్టే సూదక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద ఆ మంటో ఆమెకే తెలియలేదు. వంగి రబ్బరు పట్టీ విప్పేసింది.

"తీయను," అంది.

"ఏమైందమ్మా?" కళ్ళు తెరిచింది టైలరమ్మ.

"ఏం కాలేదు. పడుకో పెద్దమ్మా. ఇవాళ నీకు సెలవు."

ట్రే పట్టుకుని తిన్నగా హెడ్ సిస్టరు బల్ల దగ్గరకు వెళ్ళింది.

"పదిహేడుకి రోజూ ఈ నాలుగూ తీయమని ఎవరు చెప్పారు సిస్టర్?"

"కాగితం మీద ఉందిగా."

"కాగితం మీద ఎవరు రాశారు?"

"రాత్రి డ్యూటీ సిస్టరు."

"ఆవిడకెవరు చెప్పారు?"

"నిన్నటి కాగితం."

"నిన్నటి కాగితానికి?"

"మొన్నటిది!" హెడ్ సిస్టరు పెన్ను బల్ల మీద కొట్టింది. "పొద్దున్నే నీకేం పనీపాటా లేదా? అసలు నువ్వు తీసేదానివా, చదివేదానివా?"

"పంతొమ్మిదేళ్ళు తీశాను. ఇవాళ చదువుతాను. ఆ ఫైలు ఇలా ఇవ్వండి."

ఇవ్వమని అడిగిందే గానీ, ఇచ్చేదాకా ఆగలేదు. పదిహేడో నంబరు ఫైలు తనే లాక్కుని తెరిచింది. మొదటి రోజు కాగితం మీద చిన్న డాక్టరు చేతిరాత. నాలుగు పరీక్షలు, పక్కన 'రోజూ' అని ఒక్క మాట. ఆ కింద పద్నాలుగు రోజులు, పద్నాలుగు వరుసలు, నలుగురైదుగురి చేతిరాతలు. అన్నిటిలోనూ ఒకటే మాట, 'నిన్నటిలాగే'.

నీలం మూత ట్యూబు దేనికో సూదక్కకు తెలుసు. గుండె కోసమని టైలరమ్మ రక్తం పలచబడే మాత్ర వేసుకునేది. ఆపరేషన్ ఉందని ఆ మాత్రను మొదటి రోజే ఆపేశారు. దాని బలం ఎంత మిగిలిందో చూడడానికి నీలం ట్యూబు. అయిదో రోజుకే అంతా మామూలుగా ఉందని రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత పది రోజులు, వేసుకోని మాత్ర కోసం రోజూ రక్తం తీశారు! ఎవరు తీశారు? తనే తీసింది.

ఫైలు వెనక రిపోర్టుల కట్ట ఉంది. ల్యాబు వాళ్ళు రిపోర్టు కాగితాలను మడిచి పిన్ను కొట్టి పంపుతారు. నాలుగో రోజు నుంచి ఒక్కదానికి కూడా పిన్ను తీసి లేదు. హిమోగ్లోబిన్ ఎంతో ఫోన్లో కనుక్కునేవారు. మిగతావి విప్పి చూసిన నాథుడు లేడు.

నరం దొరక్క ఈ ముసలామెను గుచ్చి గుచ్చి, ఆమె పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటే, ఆ నొప్పంతా మడత కూడా విప్పని కాగితాల కోసమా?

ల్యాబు గదిలో కొళాయి దగ్గర నిలబడి ఒక పని చేసింది. ఖాళీ ట్యూబును గీత దాకా నీళ్ళతో నింపి, అర లీటరు సీసాలో పోసింది. రోజుకు నాలుగు చొప్పున పదిహేను రోజులకు అరవై సార్లు. గడ్డకట్టిందని ల్యాబు మళ్ళీ అడిగితే కొత్తగా తీసినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ పోసింది. సీసా సగం దాటింది. మూత పెట్టబోయింది.

చెయ్యి ఆగిపోయింది.

అయిదోది ఉంది కదా. రోజుకొకటి. ల్యాబు మళ్ళీ అడిగిన తొమ్మిదిసార్లూ కావలసిన మూత రంగు వేరై అదీ అక్కరకు రాలేదు. అది ఏ కాగితంలోనూ లేదు, ఎవరికీ తెలియదు, తను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. మూత పక్కన పెట్టి, ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ పదిహేనూ పోసింది. నీళ్ళు ఇంకో వేలెడు పైకి లేచాయి. కోడలు ఇచ్చిన రక్తం సంచికి కాస్త తక్కువ, అంతే.

తొమ్మిదింటికి పెద్ద డాక్టరు పదిహేడో మంచం దగ్గరకు వచ్చేసరికి సూదక్క సీసా పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఇవాళ ఎంత?" అన్నాడాయన అలవాటుగా.

"తీయలేదు సార్," అంది సూదక్క.

"ఎందుకు తీయలేదు? ఆ సీసా ఏంటి?"

"నీళ్ళు సార్."

"నీళ్ళని కనిపిస్తూనే ఉంది."

"పదిహేను రోజుల్లో ఈవిడ దగ్గర మనం ఇంత రక్తం తీశాం సార్. ట్యూబుతో కొలిచి పోశాను. రక్తం ఎందుకు తగ్గుతోందో కనుక్కోమన్నారుగా. కనుక్కున్నాను."

వార్డు మొత్తం చెవులు రిక్కించింది. హెడ్ సిస్టరు సూదక్కను కళ్ళతోనే కాల్చేస్తోంది. పెద్ద డాక్టరు మొహం కందగడ్డలా అయింది. కానీ ఆయన లెక్క తెలిసిన మనిషి. సీసా అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎముక విరిగితే లోపల కూడా రక్తం పోతుంది. అంతా నీ ట్యూబుల వల్లే కాదు."

"కావచ్చు సార్. లోపల పోయింది పోగా, మిగిలినదాంట్లోంచే కదా మనం తీసింది."

"ఎన్ని ట్యూబులు పోశావు?"

"ఎనభై నాలుగు."

"రోజుకు నాలుగు రాశాం. పదిహేను రోజులకు అరవై. తక్కిన ఇరవై నాలుగూ ఎవరు రాశారు?"

ఈ ప్రశ్న వస్తుందని కొళాయి దగ్గరే ఆమెకు తెలుసు.

"తొమ్మిది ల్యాబు మళ్ళీ అడిగినవి. పదిహేను నావి. ఎవరూ రాయలేదు. మళ్ళీ మెట్లెక్కి రాకుండా ఉంటుందని రోజూ ఒకటి ఎక్కువ తీసేదాన్ని. అలవాటు."

టైలరమ్మ తల ఇటు తిప్పింది. "అయిదోది నీదా తల్లీ?"

"నాదే పెద్దమ్మా."

"ఏం చేసేదానివి దాన్ని?"

"అక్కర్లేకపోతే... పారేసేదాన్ని."

టైలరమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. విరిగిన తుంటితో అలా తిరగడం ఎంత నొప్పో వార్డులో అందరికీ తెలుసు. అయినా తిరిగింది. సూదక్కకు ఆ వీపు చూడలేక ప్రాణం చచ్చిపోయింది.

"చూశారా?" పెద్ద డాక్టరుకు మళ్ళీ గొంతు వచ్చింది. "తను చేసిందంతా చేసి, పైగా మనకు పాఠాలు చెప్తోంది. సిస్టర్, ఈవిడ మీద రిపోర్టు రాయండి."

"రాయండి సార్," అంది సూదక్క. ఆమె గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. "మెమో ఇవ్వండి, తీసుకుంటాను. నా పదిహేనూ నేను ఒప్పుకున్నాను. మీ అరవై ఎవరు ఒప్పుకుంటారు? మాత్ర ఆపేశాక నీలం ట్యూబు దేనికి? పిన్ను కూడా తీయని రిపోర్టులు ఎవరి కోసం? నిన్న ఈ పిల్ల తన ఒంట్లో రక్తం పిండి అత్తకిస్తే, తెల్లారేసరికి దాన్ని మళ్ళీ తోడమని తొమ్మిది ట్యూబులు రాశారే, రాసిన చెయ్యి ఒక్కసారైనా ఆగి ఆలోచించిందా?"

చిన్న డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"నీలం ట్యూబు అయిదో రోజే ఆపాలి సార్. నేనే ఆపలేదు. మీరు రిపోర్టు అడిగితే లేదని చెప్పాల్సొస్తుందేమోనని."

"నేనెప్పుడు అడిగాను?"

చిన్న డాక్టరు నేల చూపులు చూశాడు. "ఎప్పుడూ అడగలేదు సార్."

పెద్ద డాక్టరు హెడ్ సిస్టరు చేతిలోంచి ఫైలు లాక్కుని, పరీక్షల వరుసల మీద అడ్డంగా గీత కొట్టాడు. పెన్ను ఎంత బలంగా నొక్కాడంటే కాగితం చిరిగింది. "ఆపరేషన్ ముందు రోజు ఒక్కసారి. చిన్నపిల్లల ట్యూబులో. ఇనుము ఇంజక్షన్లు మొదలుపెట్టండి," అన్నాడు. సూదక్క వైపు చూడకుండానే, "మెమో మాత్రం ఇవ్వండి," అని వెళ్ళిపోయాడు.

మెమో ఆ మధ్యాహ్నమే వచ్చింది. అందులో పదిహేను ట్యూబుల సంగతి అంకెలతో సహా ఉంది. అరవై సంగతి ఒక్క ముక్క లేదు. వార్డు పని నుంచి తీసేసి ఆమెను నేలమాళిగలో స్టిక్కర్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. రేపు తీయాల్సిన రక్తాలకు ఇవాళ సాయంత్రం అన్ని వార్డుల నుంచీ స్లిప్పులు అక్కడికొస్తాయి. ఒక్కో ట్యూబుకి ఒక్కో స్టిక్కరు కొట్టి పైకి పంపాలి. స్టిక్కరు లేని ట్యూబును ల్యాబు తీసుకోదు. ఎండ తగలని గది. మాట్లాడే మనిషి ఉండడు. నోరు మూయించడానికి ఇంతకంటే మంచి చోటు లేదని వాళ్ళ ఉద్దేశం.

వారం తర్వాత గురువారం నాడు కోడలు ఆ కిటికీ వెతుక్కుంటూ వచ్చింది.

"అయిపోయిందక్కా! కడ్డీ వేశారు. నిన్న పిల్లల ట్యూబులో కాస్త తీశారు, పదీ పాయింటు ఒకటి వచ్చింది. రేపటి నుంచి నించోబెడతారట."

సూదక్క కుర్చీలో వెనక్కి వాలింది. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగింది. "పెద్దమ్మ నన్నేమైనా అందా?"

కోడలు నసిగింది. "మీ మీద ఇంకా కోపంగానే ఉందక్కా. ఎంత చెప్పినా వినదు."

"వినకపోవడమే మంచిది. నువ్వేం నచ్చజెప్పకు," అంది సూదక్క. ఆ మాట పైపైన అన్నది కాదు.

కోడలు వెళ్ళాక ఆ సాయంత్రపు స్లిప్పుల కట్ట విప్పింది. గుండె వార్డు, ఆరో మంచం. అయిదు ట్యూబులు. 'నిన్నటిలాగే'. దాని కింద పిల్లల వార్డు, రెండో మంచం. తొమ్మిది నెలల బిడ్డ. మూడు ట్యూబులు. 'నిన్నటిలాగే'. వారం నుంచీ చూస్తోంది, రోజుకు ఇలాంటివి డజన్ల కొద్దీ వస్తున్నాయి. ఇక్కడికి రాకముందు ఒక్క ఎముకల వార్డే అనుకుంది. ఒళ్ళంతా మళ్ళీ భగ్గుమంది.

ఫోను తన వైపు లాక్కుని పిల్లల వార్డుకు కలిపింది.

"రెండో మంచం బిడ్డకు రేపు మూడు ట్యూబులు రాశారు. ఎందుకు?"

"ఎందుకేంటి? రోజూ తీస్తున్నారుగా," అంది అటు వైపు గొంతు.

"రోజూ ఎందుకు తీస్తున్నారు?"

"నాకేం తెలుసు? రాసింది డాక్టరు!"

"అయితే డాక్టరును అడిగి కారణం రాయించండి. అవసరమైతే నిమిషంలో స్టిక్కర్లు కొట్టి నేనే పైకి తెచ్చిస్తాను. కారణం లేకపోతే ఇక్కడ స్టిక్కరు లేదు."

"అలా అనడానికి నువ్వెవరు? మీ పై వాళ్ళకు చెప్తాను!"

"చెప్పండి. వాళ్ళు కిందికి వచ్చేలోపు మీరా డాక్టరును అడగండి. నేను ఫోను పట్టుకునే ఉంటాను."

అటు వైపు ఫోను బల్ల మీద విసురుగా పెట్టిన చప్పుడయింది. తర్వాత చెప్పుల చప్పుడు దూరంగా వెళ్ళింది. సూదక్క రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గుండె వార్డు స్లిప్పు చేతిలోకి తీసుకుంది.